మిక్సింగ్ చేయని క్యాసెట్టు

మా నాయనకు ఇంగ్లీషు అక్షరం ముక్క రాదు. అయినా అమెరికా నల్లజాతి కుర్రాళ్ళు చేసిన ఒక ర్యాప్ పాటల క్యాసెట్టు ఆయనకు పట్టినట్టుగా, ఇంగ్లీషు మీడియంలో చదివిన మా హాస్టలు అమ్మాయిల్లో ఒక్కరికీ పట్టలేదు. తొంభై తొమ్మిది వేసవి సంగతి ఇది. మదనపల్లెలో డిగ్రీ రెండో ఏడాది పరీక్షలు రాసి పుంగనూరుకు వస్తూ, నా రూంమేటు నవనీత దగ్గర దాన్ని తెచ్చుకున్నాను. వాళ్ళన్న బెంగళూరులో కొని, నాలుగు రోజులు విని చెల్లెలికి అంటగట్టాడట. ఆమె రెండు రోజులు విని నాకు అంటగట్టింది.

నాయన పేరు మునస్వామి. పుంగనూరు, సదుం, సోమల చుట్టుపక్కల పెళ్ళిళ్ళకు మేళం ఆయనదే. తాతల నుంచి వచ్చింది నాదస్వరం. పెళ్ళివాళ్ళు కర్ణాటక పక్క చూసి సాక్సాఫోన్ కావాలని అడగడం మొదలుపెట్టాక, ముప్పయ్యేళ్ళ వయసులో కోలారు పోయి, ఒక పెద్దాయన ఇంట్లో ఆరు నెలలుండి అది నేర్చుకొచ్చాడు. డోలు మా మేనమామ అంజినప్ప. వాళ్ళిద్దరూ వాయించని ముహూర్తం మా వైపు ముహూర్తం కిందికే రాదని మామ చెప్పుకునేవాడు. మామ చెప్పేవాటిలో సగం నిజం ఉంటుంది.

నేను వసారాలో క్యాసెట్టు పెట్టిన రోజు అమ్మ చింతపండు గింజలు తీస్తోంది. మామ డోలు తాళ్ళు బిగిస్తున్నాడు.

“ఏం పాటమ్మే అది? ఊపిరాడకుండా వాగతాండారు” అంది అమ్మ.

“పాట గాదక్కా. పెండ్లికి పిలవనోల్లను తిడతాండాడు” అన్నాడు మామ.

నాయన చెయ్యెత్తి ఇద్దరినీ ఆపాడు. “మాట్లాడేవోన్ని ఇడ్సిపెట్టండి. ఎనకాల ఒగాయన ఊదతాండాడు, ఇనండి.”

నేను అప్పటిదాకా ముందున్న మాటల్నే వింటున్నాను. నాయన చెప్పాక విన్నాను. మనిషి తీరిగ్గా నడిచి వస్తున్నట్టు ఒక లావుపాటి తీగ వాద్యం. దాని పక్కన, నాలుగు దెబ్బల మేర సాక్సాఫోన్ ముక్క. వస్తుంది, పోతుంది, మళ్ళీ అదే వస్తుంది. నాయన దాన్ని వెనక్కి తిప్పించి నాలుగైదు సార్లు విన్నాడు.

“ఇది మళ్ళా మళ్ళా ఊదింది గాదు బిడ్డా. ఒగటే ఊపిరి. సివర్లో రవంత తడబడతాండాడు సూడు. ప్రతి తూరీ ఆడనే. మనిషన్నోడు ఇంగోతూరి ఊదితే ఇంగోసాట తడబడతాడు గానీ, ఆడనే తడబడడు.”

నేను బిత్తరపోయాను. పాత రికార్డుల్లోంచి ముక్క కత్తిరించుకుని, దాన్నే తిప్పుతూ పైన మాటలు చెబుతారని నవనీత వాళ్ళన్న చెప్పాడట. ఆ సంగతి మాకు ఒకరు చెబితే తెలిసింది. నాయనకు చెవి చెప్పింది.

“ఆ ఊదినాయన ఉండాడా?” అని అడిగాడు.

“ఎప్పుడో పోయినాడంట నాయనా.”

“ఈల్లు అడిగినారా ఆయన్ని, తీసుకుంటాండామని?”

“ఏమో నాయనా.”

ఆ ముక్కనే ఇంకోసారి వెనక్కి తిప్పించి విన్నాడు. తర్వాత “పోనీలే. మనిషి పోయినా ఊపిరి ఉండాది” అన్నాడు.

ఆ తర్వాత నేను ఎన్ని పాటలు విన్నానో లెక్కలేదు. చెవి కోసుకున్నవి కొన్ని, రెండేళ్ళకే మొహం మొత్తినవి చాలా. ఇది మాత్రం పాతబడలేదు. క్యాసెట్టు అరిగిపోతే సీడీ కొన్నాను. ఎందుకు పాతబడదు అంటే నాకు తోచిన కారణం ఒక్కటే. అందులో ఎవరికీ తొందర లేదు. మాట్లాడేవాడు వెనక ఊదేవాణ్ణి తొక్కేయడు. అతనికి చోటిచ్చి, ఊదడం అయ్యాక మళ్ళీ అందుకుంటాడు. పెద్దల పక్కన కూర్చుని పిల్లలు కబుర్లు చెప్పినట్టు ఉంటుంది.

వైశాఖంలో పదిహేడు ముహూర్తాలు ఒప్పుకున్నారు నాయనా మామా. రెండో ముహూర్తం సదుంలో. అది ముగించుకుని నాయన తెల్లవారుజామున బస్సులో కిటికీ పక్కన కూర్చుని వచ్చాడు. ఇంటికొచ్చి కొళాయి దగ్గర నోరు పుక్కిలిస్తుంటే నీళ్ళు ఎడమ పక్కనుంచి కారిపోయాయి. అది చూసి అమ్మ నవ్వింది, నేను నవ్వాను, నాయనా నవ్వాడు. ఆయన ముఖంలో సగమే నవ్వింది. అమ్మ చేతిలో చెంబు కింద పడేసి పరుగెత్తింది.

మదనపల్లెలో డాక్టరు మంచివాడే. దాచకుండా చెప్పాడు. ముఖం నరం వాచింది, మాత్రలు వాడండి, చాలామందికి మూడు నెలల్లో తిరిగి వస్తుంది, కొందరికి పూర్తిగా రాదు అన్నాడు. “ఊదేదానికి?” అని అడిగాడు నాయన. డాక్టరు ఆయన చేతులకేసి చూసి, చీటీ మీద మరో మాత్ర రాశాడు. వీధిలో వాళ్ళు ఊరుకుంటారా? పావురం మాంసం పెట్టమన్నవాళ్ళు పెట్టమన్నారు, ఆకుపసరు పోయించమన్నవాళ్ళు పోయించమన్నారు. అన్నీ చేశాం. మామ పలమనేరు నుంచి ఇంకో సాక్సాఫోన్ అతన్ని మాట్లాడుకుని ముహూర్తాలు నెట్టుకొస్తున్నాడు. వాయించి వచ్చిన రోజు మా ఇంటి ముందు నుంచి పోకుండా వెనక సందులోంచి పోయేవాడు, బావ చూస్తాడని.

నాయన రోజూ పొద్దున్నే వాద్యం మూతిలో పెట్టే రీడు తడిపి, సాక్సాఫోన్ మెడలో వేసుకుని కూర్చునేవాడు. ఊదితే గాలి సగం వాద్యంలోకి, సగం పెదవి పక్కనుంచి బయటికి. ఒకరోజు నన్ను పిలిచాడు.

“బిడ్డా, ఈడ చెయ్యి పెట్టి అదిమి పట్టుకో. గాలి పోకుండా.”

నేను పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, అరచేత్తో ఆయన ఎడమ చెంపా పెదవి కొసా కలిపి నొక్కి పట్టాను. ఊదాడు. ఒక స్వరం వచ్చింది. నిండుగానే వచ్చింది, ఒక్క క్షణం. తర్వాత నా వేళ్ళ సందులోంచి గాలి, ఎంగిలి. ఇంకొంచెం గట్టిగా నొక్కాను. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నొప్పికి కాదు. నేను చెయ్యి తీయలేకపోయాను, నొక్కి పట్టుకునీ లాభం లేదు. ఆయనే మెల్లగా నా చెయ్యి తీసి, నా ఓణీకి తుడిచాడు.

ఆ సాయంత్రమే అడిగాడు. అమెరికా క్యాసెట్టు తిరుగుతోంది.

“ఇరవయ్యేడేండ్లు ఊదితినే బిడ్డా. నేను ఊదింది యాడన్నా ఒగసాట మిగిలుంటాదా?”

ఆయన అడిగినదాంట్లో గొంతెమ్మ కోరిక ఏముంది? పెళ్ళికి ఒక వీడియో క్యాసెట్టు లెక్కన, నాయన ఊపిరి ఊరూరా బీరువాల్లో ఉండాలి. “ఉండకేం నాయనా, ఎన్ని కావాలంటే అన్ని!” అన్నాను. నా నోటికి తాళం వేసినా బాగుండేది.

మొదట పుంగనూరులోనే, బట్టల కొట్టు రాజగోపాల్ గారింటికి వెళ్ళాం. వాళ్ళ అమ్మాయి పెళ్ళిలో నాయన రెండు రోజులు వాయించాడు. ఆయన మర్యాదగా కూర్చోబెట్టి, కాఫీ ఇప్పించి, క్యాసెట్టు పెట్టాడు. తెర మీద పందిరి, బంధువులు, ఎదురుకోలు. అదిగో నాయన, బుగ్గలు పూరించి, కళ్ళు మూసుకుని ఊదుతున్నాడు. వినబడుతున్నది మాత్రం సినిమా పాట. హీరో, హీరోయిన్, వెనక యాభై వయొలిన్లు. పెళ్ళి మొదటి నుంచి చివరిదాకా పాట మీద పాట. తాళి కట్టేటప్పుడు కూడా ఒక పాట.

“నా వేళ్ళు కల్యాణిలో ఉండాయి. పాటేమో డిస్కో” అన్నాడు నాయన, సగం నవ్వుతో.

రాజగోపాల్ గారికి అప్పుడే ఆ సంగతి తట్టినట్టుంది. “అందరూ ఇట్లనే ఏపిస్తారప్పా. మేమూ ఏపిస్తిమి” అన్నాడు నొచ్చుకుంటూ.

దింపుడు కళ్ళం ఆశ అంటారే, అలాంటిదే పట్టుకుని ఇంకో ఏడిళ్ళు తిరిగాం. సోమలలో రెండు, సదుంలో మూడు, పుంగనూరులోనే రెండు. ఎనిమిది పెళ్ళిళ్ళలోనూ నాయన కనబడతాడు. ఒక్కదాంట్లోనూ వినబడడు. ఎనిమిదోది అయ్యాక ఆయన “సాలు బిడ్డా, కాళ్ళు నొస్తాండాయి” అన్నాడు. ఆయనకు కాళ్ళనొప్పి ఎన్నడూ లేదు.

నేను ఒక్కదాన్నే మదనపల్లె బస్సెక్కాను. మా వైపు పెళ్ళి వీడియోలన్నీ తీసేది మురళీధర్. పోట్లాడాలనే పోయాను. ఆయన నా మాటంతా విని, తల గోక్కున్నాడు.

“బ్యాండు సౌండు అట్లనే పెడితే గోల గోలగా ఉంటాది తల్లీ. పిల్లోల్ల ఏడుపులు, కాఫీ కాఫీ అని అరుపులు. పాట ఏస్తేనే పార్టీ మెచ్చుతాది. మీ నాయన వాయించేది బాగుండదని గాదు.”

“మొదట తీసిన క్యాసెట్లన్నా ఉంటాయి గదా?”

“యాడుంటాయమ్మా? మిక్సింగ్ అయినాక వాటి మీదనే ఇంగో పెండ్లి తీస్తాం.”

నేను లేచాను. ఆయన ఏదో గుర్తు తెచ్చుకుంటున్నవాడిలా, “ఒగటి మాత్రం మిక్సింగ్ చెయ్యల్యా. తొంభయ్యారులో. కుప్పం పక్క గుడుపల్లెలో పెండ్లి. మేళం మీ నాయనదే” అన్నాడు. పెళ్ళికొడుకు నాగరాజు మదనపల్లె దగ్గరివాడేనట, మేళాన్నీ వీడియోనూ వాళ్ళే ఇక్కణ్ణుంచి పిలుచుకుపోయారట. పెళ్ళయిన పదిహేడో రోజు బావి మోటారు దగ్గర కరెంటు షాకు కొట్టి పోయాడు. తర్వాత పెళ్ళికూతురి తరపువాళ్ళు వచ్చి, పాటలూ వద్దు ఏమీ వద్దని, ఉన్న క్యాసెట్టు ఉన్నట్టే తీసుకుపోయారు. ఆ అమ్మాయి గీత ఇప్పుడు కుప్పంలో తల్లి దగ్గర ఉంటూ, చిన్నపిల్లల బడిలో పాఠాలు చెబుతోంది.

ఒక మనిషి పోయాడు కాబట్టి మా నాయన ఊపిరి మిగిలింది. ఆ మాట వినగానే నాకు కలిగింది సంతోషం. సిగ్గుచేటే, కానీ కలిగింది సంతోషమే.

గీతకు ఉత్తరం రాశాను. వారం తర్వాత కార్డు మీద రెండు ముక్కల జవాబు. ఆదివారం మధ్యాహ్నం రండి, మా ఇంట్లో టీవీ ఉంది గానీ వీడియో డెక్కు లేదు.

నాయనకు కుప్పంలో మిక్సింగ్ చేయని క్యాసెట్టు ఉందని చెప్పాను, అంతే. ఎందుకు మిక్సింగ్ చేయలేదో చెప్పలేదు. చెబితే రాడు. మేళగాళ్ళు శుభానికి పిలిస్తే పోయేవాళ్ళు. తాము వాయించిన పెళ్ళి అట్లా అయిందని తెలిస్తే ఆ గడప తొక్కరు, ఆ ఊసే ఎత్తరు. నాయన వినాలి, అంతే నాకు కావలసింది. ఇస్త్రీ చొక్కా వేసుకుని, ముఖం ఎడమ పక్క కనబడకుండా తువ్వాలు వేసుకుని, పెళ్ళిచూపులకు పోయేవాడిలా బస్సెక్కాడు. నా ఒళ్ళో టేప్ రికార్డరు, కొత్త క్యాసెట్టు. కుప్పం బస్టాండు దగ్గర డెక్కు అద్దెకు తీసుకుంటే, ఏం సినిమా చూస్తారమ్మా అని అడిగాడు కొట్టతను.

తలుపు గీతే తీసింది. ఇరవై నాలుగేళ్ళుంటాయేమో. బొట్టు లేదు, మెడలో ఏమీ లేదు. నాయన ఆమెను చూశాడు. తర్వాత నన్ను చూశాడు. తిట్టలేదు. చెప్పులు విడిచి పక్కపక్కన సర్దిపెట్టి, “తల్లీ, రవంత నీళ్ళు ఇస్తావా?” అన్నాడు.

వాళ్ళమ్మ మమ్మల్ని పలకరించి పెరట్లోకి పోయింది. మళ్ళీ లోపలికి రాలేదు. నేను డెక్కు తీగలు టీవీకి తగిలిస్తుంటే గీత బట్టల అడుగు నుంచి క్యాసెట్టు తీసుకొచ్చింది.

“మూడేండ్లాయక్కా. నేనింగా సూడల్యా” అంది, నాకంటే పెద్దదయినా మర్యాదకు అక్కా అంటూ.

మురళీధర్ చెప్పింది నిజమే. మొదట అంతా గోలే. పిల్లల ఏడుపు, కాఫీ కాఫీ అని అరుపు, మైకులో ఎవరో తప్పిపోయిన పిల్లాడి పేరు పిలవడం. ఆ గోల అడుగునుంచి సాక్సాఫోన్ లేచింది. నేను రికార్డరు బటన్ నొక్కాను.

నాయన ఆ రోజు ఆనందభైరవి వాయించాడు. చిన్నప్పటి నుంచి వింటున్నదాన్నే అయినా, అది ఇక రాదని తెలిసి వినడం అదే మొదలు. నాయన మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, పరాయివాడి కచేరీకి వచ్చినట్టు విన్నాడు. ఒకచోట “ఆహా” అన్నాడు. అన్నాక సిగ్గుపడ్డాడు. ఆ రెండు నెలల్లో ఆయన ముఖం అంత తేటగా నేను చూడలేదు.

తర్వాత పురోహితుడు చెయ్యెత్తాడు. గట్టిమేళం, గట్టిమేళం అని నలుగురూ కేకలు. తాళి కట్టే వేళ తుమ్ముగానీ చెడ్డమాటగానీ ఏదీ చెవిన పడకూడదని, ఉన్న బలమంతా పెట్టి వాయిస్తారు. మామ డోలు బద్దలైపోయేలా కొడుతున్నాడు, నాయన ముఖం ఎర్రగా కందిపోయింది. నాగరాజు మూడు ముళ్ళూ వేశాడు. చామనచాయ, ముందు పన్ను కొంచెం విరిగింది. వేసి, వంగి, గీత చెవిలో ఏదో అన్నాడు. నవ్వుతూ అన్నాడు.

“ఆపక్కా. ఎనక్కి తిప్పు” అంది గీత.

తిప్పాను. మళ్ళీ గట్టిమేళం, మూడు ముళ్ళు, వంగడం. పెదవులు కదిలాయి. సాక్సాఫోన్ తప్ప ఏమీ లేదు.

“ఆ పొద్దు గూడా ఇనబడల్యా” అంది, తెర మీదనుంచి చూపు తీయకుండా. “ఏమంటివి అని ఎన్ని తూర్లు అడిగినానో. క్యాసెట్టు వస్తాది గదా, దాంట్లో ఇంటావులే అనె. ఆడ ఉంటాది అని, సూడకుండా పెట్టుకోనుండా. మీరు ఉత్తరం రాస్తిరి. సరే, ఈ పొద్దు ఇంటామనుకుంటి. ఇంగొక తూరి తిప్పక్కా.”

మూడోసారి ఆమె లేచి పోయి, టీవీ పక్కన నేల మీద కూర్చుని, స్పీకరుకు చెవి ఆనించింది. ఆ చెవిలోకి నాయన ఊపిరి అంతా పోయింది. నేను శబ్దం తగ్గించాను. తగ్గిస్తే అన్నీ తగ్గాయి. పెంచాను. చేయగలిగింది అంతకంటే ఏముంది?

నాయన అప్పుడు మాట్లాడాడు. ఆ జబ్బు వచ్చాక ఆయన మాట పెదవుల దగ్గర జారిపోయేది, గట్టిగా పలికితేగానీ అర్థమయ్యేది కాదు. ఆ పూట గట్టిగానే పలికాడు.

“ఇరవయ్యేడేండ్లలో అంత గట్టిగా యాడా ఊదల్యా తల్లీ. ఆ పొద్దు యాల అట్ల ఊదితినో. రవంత మెల్లగా ఊదింటే ఏం పోయె?”

“మీరేం జేస్తారు పెద్దాయనా” అంది గీత, చెవి తీయకుండానే. “మీ పని అదే గదా.”

రికార్డరు ఆపాలన్న ధ్యాస నాకు లేదు. అది తిరుగుతూనే ఉంది. గీత ఆ క్యాసెట్టును మళ్ళీ బట్టల అడుగున పెట్టింది. ఈసారి పెట్టేటప్పుడు మడత సర్దలేదు. తిరుగు బస్సులో, పలమనేరు దాటేదాకా నాయన తువ్వాలు ముఖానికి కప్పుకునే కూర్చున్నాడు. దాటాక మాత్రం, “నువ్వు సెప్పింటే నేను వచ్చుండను బిడ్డా. ఆ పాప ఇంగా కొన్నేండ్లు సూడకుండా అట్లనే పెట్టుకోనుండేది” అన్నాడు.

ఆయన పెదవి పూర్తిగా తిరిగి రాలేదు. సాక్సాఫోన్ మామ మాట్లాడుకున్న పలమనేరు అతనికే ఇచ్చేశాడు. అమెరికా క్యాసెట్టు మాత్రం ఇంకో ఏడెనిమిదేళ్ళు, తాను పోయేదాకా, వింటూనే ఉన్నాడు. నేను రికార్డు చేసింది ఒక్కసారీ అడగలేదు. ఒకరోజు నేనే, ఇంట్లో ఎవరూ లేనప్పుడు, పెట్టనా నాయనా అన్నాను.

“వద్దులే బిడ్డా. ఆ పాప దాంట్లో ఇంగా చెవి పెట్టుకోనే ఉంటాది.”